పంతులుగారికి బాకీపడిన పది మాటలు

సంచికా సంపాదకులు మమ్ములను ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని కోరినప్పుడు, మేము మొదట ప్రబంధ సాహిత్యంపై ఏదైనా వ్రాయవలెనని సంకల్పించినాము. తెలుగు అధ్యాపకుని వద్దనుండి విద్యార్థులు ఆశించేది అదే కదా! కాని కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడల్లా నల్లకుంటలోని ఒక పాత ఇల్లు, ఆ ఇంటి అరుగు మీద కూర్చున్న మా పంతులుగారు కండ్ల ముందు మెదలినారు. ప్రబంధాలను గురించి మాకంటె బాగుగా వ్రాయగలవారు ఎందరో ఉన్నారు. పంతులుగారికి మేము పడిన బాకీని మాత్రం మేమే తీర్చుకోవలెను. ఆ బాకీ ధనం కాదు, పది మాటలు.

మేము ఉర్దూ మాట్లాడే ఇంట పుట్టినవారము. ఇంటిలో అమ్మీ మాట ఉర్దూ, వీధిలో ఆటపాటలు తెలుగు. బడిలో చేరిన క్రొత్తలో లకార ళకారాల భేదం మాకు అంతుపట్టేది కాదు. ‘కల’, ‘కళ’ రెండింటినీ ఒక్కటే చేసి చదివితే తరగతి అంతా నవ్వేది. పంతులుగారు నవ్వేవారు కాదు. సాయంకాలం ఇంటికి పిలిపించుకొని, అరుగు మీద కూర్చుండబెట్టి, నాలుక ఎక్కడ ఆనవలెనో ఓపికగా చూపేవారు. “తెలియని మాట ఎదురైతే తప్పుకొని పోకు నాయనా, దాని తలుపు తట్టు. లోపల ఎవరో ఒకరు ఉంటారు” అనేవారు. మేము ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివినామన్నా, ఈనాడు తెలుగు పాఠం చెప్పుకొని బ్రతుకుతున్నామన్నా దానికి మూలం ఆ అరుగే.

మూడేండ్ల క్రిందట ఒక సాయంకాలం వారిని చూచి రావడానికి వెళ్ళినాము. సెలవు తీసుకొని లేవబోతుండగా వారు చేతిలోని ఫోను చూపి, “ఈ ఓటీపీ అంటే ఏమిటయ్యా? మాటిమాటికీ వస్తున్నది” అని అడిగినారు. తార్నాక బస్సు వచ్చే వేళ అయినది. మేము చెప్పులు తొడుగుకొంటూనే, “ఏమీ లేదు పంతులుగారూ, ఏవో ఆరంకెలు వస్తాయి. అడిగిన చోట చెప్పాలి, అంతే” అని వీధిలోకి నడిచినాము. తెలియని మాట తలుపును వారు తట్టినారు. లోపల ఉన్న మేము తలుపు తీయకుండానే బదులు పలికి పంపివేసినాము.

గత సంవత్సరం శ్రావణమాసంలో వారికి ఒక ఫోను వచ్చినది. మాట్లాడినవాడు “గురువుగారూ” అని సంబోధించినాడట. పింఛను ఖాతా వివరాలు పాతబడిపోయినవనీ, ఆ సాయంత్రంలోగా సరిచేయకపోతే ఖాతా ఆగిపోతుందనీ చెప్పినాడట. కార్డు మీది అంకెలు అడిగినాడు; చెప్పినారు. “ఇప్పుడొక ఆరంకెల సంఖ్య వస్తుంది, చదవండి, సరిచూచుకొంటాను” అన్నాడు, చదివినారు. రెండవసారి వచ్చినదీ చదివినారు. మనుమరాలి చదువుకని దాచిన ఎనభై నాలుగు వేల రూపాయలు పోయినవి. సిగ్గుపడి రెండు రోజులు ఇంటిలోవారికి సైతం చెప్పలేదు. మూడవనాడు మాకు కబురు వచ్చినది. మేము వెళ్ళి ఫిర్యాదు వ్రాయించినాము గాని, అప్పటికే ధనం ఎన్ని చేతులు మారినదో! నేటికీ తిరిగి రాలేదు.

ఆనాడు వారు ఫోనులో ఆ రెండు సందేశాలు మాకు చూపినారు. ఆ అంకెల క్రిందనే, దీనిని ఎవరికీ తెలుపవద్దన్న హెచ్చరిక ఇంగ్లీషులో ఉన్నది. “అతడు చక్కని తెలుగు మాట్లాడినాడు నాయనా. వద్దన్న మాట మాత్రం ఇంగ్లీషులో వచ్చింది” అన్నారు పంతులుగారు. మేము ఒకనాడు చెప్పిన జవాబును వారు గుర్తు చేయలేదు. గుర్తు చేయకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించినది. అడిగిన చోట చెప్పాలన్నాము. వారు అడిగినవానికి చెప్పినారు.

ఆ సాయంకాలం బస్సు ఎక్కబుద్ధి కాలేదు. నల్లకుంట నుండి విద్యానగరు, అడిక్‌మెట్ మీదుగా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనికి నడిచి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు చాలసేపు కూర్చున్నాము. ఈ విశ్వవిద్యాలయం 1918లో పుట్టినది. కాని దానికి ఒక సంవత్సరం ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పుట్టినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. వైద్యం, యంత్రవిద్య, గణితం, న్యాయం అన్నింటినీ ఉర్దూలో బోధించవలెనంటే ముందుగా మాటలు కావలెను గదా! అందుచేత భవనాలకంటె ముందు మాటలకు పునాది వేసినారు. 1921లో వహీదుద్దీన్ సలీం పారిభాషిక పదాలను ఏ విధంగా కల్పించవలెనో వివరిస్తూ ‘వజె ఇస్తలాహాత్’ అన్న గ్రంథమే రచించినారు. తరువాతి కాలంలో, 1968లో, తెలుగు మాధ్యమం కొరకు ఇదే నగరంలో తెలుగు అకాడమీ ఏర్పడి ఆ పని తెలుగులో చేసినది. కల్పించిన మాటలు కొన్ని బరువైనవని, ఒకటి అరబ్బీ పారసీలతోనూ మరొకటి సంస్కృతంతోనూ నిండిపోయినదని రెండింటిపైనా విమర్శ ఉన్నది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. మాట పుట్టించినంతమాత్రాన పని ముగియదు. ప్రక్కన కూర్చొని విప్పి చెప్పేవాడు కావలెను. అట్టివాడు లేని చోట దొంగ వచ్చి కూర్చుంటాడు. పంతులుగారికి ఓటీపీ అన్న మాటకు అర్థం చెప్పినవారు ఇద్దరే: మొదట మేము, తరువాత దొంగ. ఇద్దరమూ ఒకే అర్థం చెప్పినాము.

మరుసటి ఆదివారం నుండి మేము మళ్ళీ ఆ అరుగు మీద కూర్చున్నాము. ఈమారు పాఠం చెప్పేది మేము. ఐదు ఆదివారాలు, పది మాటలు. విద్యార్థులకు కూడా పనికివస్తాయన్న తలంపుతో వాటిని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటి మాట అంతర్జాలం. ఇది ఒక యంత్రం కాదు, ఒక సంస్థ సొత్తు కాదు. వేర్వేరు చోట్ల వేర్వేరువారు అల్లుకొన్న వలలను ఒకదానికొకటి ముడివేసిన పెద్ద వల. 1969 అక్టోబరు 29న అమెరికాలో లాస్ ఏంజెల్స్‌లోని విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ‘లాగిన్’ అన్న మాట పంపబోతే, ఎల్, ఓ అనే రెండక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయినది. ఆ రెండక్షరాలతో మొదలైన వల 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మన దేశంలో సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. ఇంతవరకు విని పంతులుగారు, “జాలమంటే వల మాత్రమే కాదు, మోసం కూడా” అన్నారు. ఉర్దూలోనూ అంతేనని మేము విన్నవించినాము. ‘జాల్’ వల, ‘జఅల్’ నకిలీ. వ్రాతలో అక్షరాలు వేరైనా మన హైదరాబాదు నాలుక మీద రెండూ ఒక్కటే.

రెండవది పొట్లం. ఇంగ్లీషువారు ప్యాకెట్ అంటారు. మనం పంపే ఉత్తరంగాని, బొమ్మగాని వలలో ఒకే ముద్దగా పోదు. చిన్న చిన్న పొట్లాలై, ప్రతి పొట్లం మీద పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, వరుస సంఖ్య వ్రాసుకొని పోతుంది. నల్లకుంట నుండి తార్నాకకు విద్యానగరు, అడిక్‌మెట్ మీదుగా ప్రాంగణంలోనుండి పోవచ్చును. అంబర్‌పేట, రామంతాపూర్, హబ్సిగూడా మీదుగా చుట్టి కూడా పోవచ్చును. పొట్లాలూ అంతే. ఒక దారి మూసుకొంటే మరొక దారి. చౌరస్తాలో నిలబడి ఏది ఎటు పోవలెనో చూపే యంత్రం పేరు రౌటర్. చేరిన చోట వరుస సంఖ్యను బట్టి తిరిగి కూర్చుకొంటారు. ఎందరి చేతులమీదుగానో పోయే పొట్లం గనుక, కట్టు గట్టిగా లేకపోతే దారిలో విప్పి చూచేవారు ఉండవచ్చునన్న సంగతి కూడా ఇక్కడే గ్రహించవలెను.

మూడవది ఐ.పి. చిరునామా. పంతులుగారి వీధిలో ఇంటి నంబరు 2-1 అని మొదలై గీతలతో సాగుతుంది. వలలోని యంత్రాలకూ అటువంటి నంబర్లే ఉంటాయి. పాత పద్ధతిలో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి సున్న మొదలు 255 వరకు. ఆ లెక్కన మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు. లోకానికి అవి చాలక, ఎంతో పొడుగైన క్రొత్త చిరునామాలను ఏర్పరచినారు.

నాలుగవది పేరు. దానిని డొమైన్ అంటారు. నంబర్లు మనుష్యులకు గుర్తుండవు గనుక 1983లో పేర్ల పద్ధతిని కల్పించినారు. మనం పేరు వ్రాస్తే, పేర్ల పట్టిక చూచి నంబరు చెప్పే యంత్రాలు వలలో ఉన్నాయి. డాట్ భారత్ అన్న కొస నేడు తెలుగు లిపిలోనూ, ఉర్దూ లిపిలోనూ కూడా దొరుకుతుంది. మోసం ఎక్కువగా జరిగేది ఈ పేరు దగ్గరనే. పేరును తెలుగువలె ఎడమనుండి చదివితే మోసపోతాము. ఉర్దూవలె కుడినుండి చదవవలెను. మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగంలో కుడికొసన కామ్, ఇన్ వంటి తోక ఉంటుంది. ఆ తోకను ఆనుకొని ఎడమవైపు ఉన్న మాటయే అసలు యజమాని పేరు. దానికి ఇంకా ఎడమన ఏ బ్యాంకు పేరైనా, ఏ ప్రభుత్వం పేరైనా ఎవడైనా తగిలించుకొనవచ్చును. ‘పింఛను.ఎవడోఒకడు.కామ్’ అంటే అది పింఛను వారిది కాదు, ఎవడో ఒకనిది. ‘గవ్.ఇన్’ వంటి రెండు ముక్కల తోకలను కలిపి ఒకే తోకగా లెక్కించవలెను. అది ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రమే ఇచ్చేది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు ముగిసేలోగా ‘బ్యాంక్.ఇన్’ అన్న తోకకు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఈ ఒక్క పాఠం మాత్రం మాకు ఇంటి భాష నేర్పినది, పంతులుగారు మెచ్చుకొన్నారు.

ఐదవది గూఢలిపి. పేరుకు ముందు చిన్న తాళం గుర్తు కనబడితే, మన పొట్లాలు దారిలో ఎవరూ చదవలేని లిపిలో పోతున్నాయని అర్థం. ఆ తాళం దారికే గాని ఇంటికి కాదు. ఉత్తరాన్ని లక్క ముద్ర వేసి దొంగకే పంపితే, అది భద్రంగా దొంగకే చేరుతుంది. కనుక తాళం చూచి నమ్మవద్దు. పేరు చదివి నమ్మవలెను.

ఆరవది సంకేతపదం, అనగా పాస్‌వర్డు. పొట్టిగా చిక్కుగా ఉన్నదానికంటె పొడుగైనది మేలు. సంబంధం లేని నాలుగైదు మాటలు గుదిగుచ్చితే మనకు గుర్తుంటుంది, పరులకు అందదు. ఒకచోట వాడినది మరొకచోట వాడరాదు. ఒక ఇంటి తాళంచెవి పోతే అన్ని ఇండ్లూ దోపిడికి గురి అవుతాయి. క్రమంగా నడిచే సంస్థలు సంకేతపదాన్ని ఉన్నదున్నట్లు దాచుకొనవు. తిరిగి రాబట్టడానికి వీలులేని రూపంలోనికి మార్చి దాచుకొంటాయి. కనుక దానిని అడిగే అధికారి ఎవరూ ఉండరు. అడిగినాడంటే అతడు అధికారి కాడు.

ఏడవది ఓటీపీ. ఇది మేము తీర్చవలసిన అసలు బాకీ. అవి ఏవో ఆరంకెలు కావు. అది ఒకే ఒక్కసారి, కొద్ది నిమిషాలు మాత్రమే పనిచేసే తాళంచెవి. ఒక విధంగా మన సంతకం. “ఈ పని చేస్తున్నది నేనే, నాకు సమ్మతమే” అని చెప్పడం. దానిని మనం మొదలుపెట్టిన పనికి, మన చేతితో, మన కంటి ముందున్న చోట వేయవలెను గాని నోటితో ఎవరికీ చెప్పరాదు. ఫోనులో ధనం పంపే పద్ధతిలోని రహస్య సంఖ్య కూడా అటువంటిదే. ధనం ఇవ్వడానికే దాని అవసరం, పుచ్చుకోవడానికి ఎన్నడూ లేదు. “మీకు ధనం పంపుతాను, మీ సంఖ్య నొక్కండి” అన్నవాడు దొంగ.

ఎనిమిదవది గాలం. ఫిషింగ్ అన్న మాటలో వినబడేది చేపలు పట్టడమే. బ్యాంకువలె, బడివలె, పోలీసువలె వేషం వేసి ఉత్తరమో, ఫోనో, లింకో విసురుతారు. ఎర ఏదైనా కావచ్చును: భయం, ఆశ, తొందర. ఈ మూడింటిలో ఏది కనబడినా ఆగవలెను. ‘డిజిటల్ అరెస్టు’ చేసినామని వృద్ధులను గంటల తరబడి ఫోను ముందు కూర్చుండబెట్టేవారిది కూడా ఇదే గాలం. మన చట్టంలో అట్టి అరెస్టు లేనే లేదు.

తొమ్మిదవది దొంగసరకు. పనికివచ్చే వస్తువుగా కనబడి లోపలికి వచ్చిన తరువాత తలుపులు తెరిచేదానిని ట్రోజన్ అంటారు. గ్రీకుల కొయ్యగుర్రం కథనుండి ఆ పేరు వచ్చినది. 2022 జనవరిలో మన నగరంలోని మహేశ్ సహకార బ్యాంకు నుండి పన్నెండు కోట్ల రూపాయలకు పైగా దొంగిలించినవారు, ముందుగా ఉద్యోగులకు గాలపు ఉత్తరాలు పంపి, వాటిని తెరిచినవారి యంత్రాలలో అటువంటి సరకునే దింపినారని పోలీసులు ప్రకటించినారు. కాగితాలకు తాళం వేసి, విప్పడానికి సొమ్ము అడిగే సరకు మరొక రకం. 2017 మే నెలలో లోకమంతా వ్యాపించిన ‘వన్నాక్రై’ అటువంటిది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు ఠాణాల యంత్రాలు కూడా దాని వాత పడినవి. ఆ తెగులుకు మందు అదే సంవత్సరం మార్చిలోనే విడుదలైనది. వేయించుకొననివారే ఎక్కువగా నష్టపోయినారు. ఫోనులో అప్‌డేట్ అని వచ్చేది సాధారణంగా ఈ మందే. దానిని రేపటికి త్రోసివేయరాదు.

పదవది ఫైర్‌వాల్. ఇల్లు అంటుకొంటే మంట పొరుగింటికి ప్రాకకుండా కట్టే గోడకు ఇంగ్లీషులో ఆ పేరు. వలలో దాని పని మన పాతనగరపు ఫసీలు చేసిన పని. ఆ ప్రాకారానికి దర్వాజాలు ఉండేవి. వచ్చేపోయేవారిని అక్కడ చూచి విడిచిపెట్టేవారు. దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా నేటికీ నిలిచియున్నాయి. అయితే ఎంత గట్టి ప్రాకారమైనా లోపలివాడు స్వయంగా గడియ తీస్తే ఏమి చేయగలదు? పంతులుగారి విషయంలో జరిగినది అదే. గడియ తీయించినది దొంగ. తీయవచ్చునని ముందుగా చెప్పినది మేము.

ఇన్ని చెప్పిన తరువాత చివరి మాట ఒకటి ఉన్నది. మోసం జరిగినదని తెలిసిన మరుక్షణం 1930 అన్న నంబరుకు ఫోను చేయవలెను. ధనం ఖాతానుండి ఖాతాకు పోతూ ఉండగానే దారిలో ఆపడానికి ఆ ఏర్పాటు. 2023లో ఏర్పడిన తెలంగాణ సైబర్ భద్రతా విభాగం మన రాష్ట్రంలో ఈ ఫిర్యాదులను చూస్తుంది. మొదటి గంట విలువ రెండవనాడు ఉండదు. సిగ్గుపడవలసినవాడు దొంగ, మనం కాదు. పంతులుగారు సిగ్గుతో పోగొట్టుకొన్న ఆ రెండు రోజులే మాకు ఇప్పటికీ గుచ్చుకొంటాయి.

ఐదవ ఆదివారం పాఠం ముగిసిన తరువాత, ఓటీపీకి ‘ఒకమారు తాళంచెవి’ అన్న పేరు బాగుంటుందని మేము ప్రతిపాదించినాము. పంతులుగారు తల అడ్డంగా ఊపినారు. “వద్దు నాయనా. జనం దానిని ‘ఒక మారుతాళంచెవి’ అని విరుచుకొని చదువుతారు. మారుతాళంచెవి అంటే దొంగ చేయించుకొనేది. ‘ఒక్కసారి తాళంచెవి’ అను” అన్నారు. ముప్పది ఏండ్లు దాటిన మేము మళ్ళీ ఆ అరుగు మీద తప్పు దిద్దించుకొన్నాము. తరువాత వారు మాతో ఆ పది మాటలు పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద వ్రాయించి, ఫోను పెట్టే గూటి పైన తగిలించుకొన్నారు.

కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం ఒకటే. ఈ పది మాటలను ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక పత్రంగా అచ్చు వేయించి ప్రతి విద్యార్థి చేతికి ఇవ్వవలెను. దారుల్ తర్జుమా వెలసిన నగరంలో ఇది పెద్ద కోరిక కాదు. విద్యార్థులారా! ఆ పత్రం మీ కొరకు కాదు. మీ దాదీ కొరకు, నానీ కొరకు, నాయనమ్మ కొరకు, మీకు అక్షరం చెప్పిన పంతులుగారి కొరకు. వారు ఎన్నడైనా ఫోను చేతపట్టుకొని వచ్చి “ఇది ఏమిటి?” అని అడిగితే, చెప్పులు విడిచి ప్రక్కన కూర్చోండి. బస్సు పోతే పోనివ్వండి. తార్నాకకు మరొకటి వస్తుంది.